అన్నవరం దండ, ఆదివారం పందెం

మద్రాసుకు రైల్లో వెళ్లాం, కారులో తిరిగి వచ్చాం. వెళ్లేటప్పటి సంగతి రాయడానికి పెద్దగా లేదు. కిటికీ పక్కన చోటు దొరికింది, ఎలమంచిలి దాటేసరికి పొద్దు గూకింది, కళ్లు తెరిచేసరికి బోర్డుల మీద నాకు రాని అక్షరాలున్నాయి. వచ్చేటప్పుడు మాత్రం మూడు రోజులు పట్టింది. ఇప్పుడా రోడ్డు వెడల్పయింది, ఊళ్ల పక్క నుంచి తప్పుకుని పోతోంది. ఊళ్ల మధ్య నుంచి, సంతల మధ్య నుంచి, ఎండబోసిన మిరపకాయల మధ్య నుంచి వచ్చే ఆనాటి దారిని చూడనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు మావ గురించి చెప్పాలి. మావ అంటే మా ఆయన, మా అమ్మకి ఆఖరి తమ్ముడు. ఆనందపురం పక్క పల్లెలో మా ఇళ్లు ఎదురెదురు. చిన్నప్పుడూ మావే, పెళ్లయ్యాకా మావే. పోర్టు వర్క్‌షాపులో మెకానిక్కు. ఇంజను చప్పుడు విని దాని జబ్బు చెప్పేవాడు. నేను బడి ముఖం చూడలేదు. మా నాన్న రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టి పలక మీద నేర్పిన చదువే నాది. ఆ చదువుతో ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నందుకు ఆయనకి రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

ఆ రోజుల్లో మా విశాఖలో ఆఫీసర్లు కొందరు ఏడాదికొకసారి కార్ల పందెం పెట్టేవారు. దాన్ని ఆటోక్రాస్ అనేవారు. ఉక్కు కర్మాగారం గొట్టాలు అప్పుడే లేస్తున్నాయి. గాజువాక అవతల చదును చేసిన ఎర్రమట్టి మైదానంలో డ్రమ్ములు దొర్లించి, వెదురు జెండాలు పాతి, వాటి మధ్య నుంచి ఒక్కొక్క బండినీ పరిగెత్తించేవారు. పక్కన ఇంకో బండి ఉండదు. పోటీ అంతా గడియారంతోనే. జెండా పడితే అయిదు సెకన్లు కలుపుతారు. మావ పదేళ్లు ఆ ఆఫీసర్ల బళ్లు సిద్ధం చేశాడు. పదేళ్లూ జనాన్ని ఆపే తాడుకి ఇవతల నిలబడి, చేతిలో స్టాప్ వాచీతో అందరి పరుగూ చూసి ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఒక ఆఫీసరుని అడిగాడట, "సార్, నానొక సుట్టు తిప్పొచ్చా?" అని. "బండి నీదైతే తిప్పుకోవయ్యా" అన్నాడట ఆయన. కోపంగా అన్న మాట కాదు. అయినా మావ ఆ మాట నాతో చెప్పడానికి రెండేళ్లు పట్టింది.

మేం మద్రాసు వెళ్లిన ఏడు తెలిసింది, ఆ మైదానంలో క్వార్టర్లు కడతారని, పందెం అదే ఆఖరని. మద్రాసులో అమ్మకానికి ఒక చిన్న బండి ఉందని కూడా అదే వారంలో తెలిసింది. పెందుర్తిలో స్థలానికని దాచిన డబ్బు ఉంది. మావ ఏమీ అడగలేదు. నేనే అన్నాను.

"స్థలం ఎక్కడికి పోద్ది మావా? పోయేది మైదానం."

మద్రాసు: తొడుక్కునే కారు

ఆ బండి కంపెనీ వాళ్లు కొద్ది బళ్లే చేసి ఆపేశారట. రెండే తలుపులు. నేరేడుపండు రంగు. ఒళ్లంతా ఫైబరు, వేలితో కొడితే పీపా మోగినట్టు మోగుతుంది. తేలిక కాబట్టి బొంగరంలా తిరుగుతుందని మావ అన్నాడు. అమ్మేది మైలాపూరులో ప్రెస్సు నడిపే ఒక తెలుగాయన. ఆరడుగుల మనిషి. మోజుపడి కొన్నాడు కాని మోకాళ్లు పట్టలేదు.

"ఈయన కారెక్కడమండీ? చొక్కాలాగ తొడుక్కోవాలి" అంది ఆయన భార్య, నాకు కాఫీ ఇస్తూ. "మొన్న గుడి ముందు దిగలేక కూర్చుండిపోతే నలుగురు పట్టి లాగారు."

"అందుకే కదే అమ్మేస్తున్నాను" అన్నాడాయన. తర్వాత మావ వైపు తిరిగి, "పందేనికా? మీ వయసెంతండీ?" అని అడిగాడు.

"యాభై రెండు బాబూ."

"బండి వయసు రెండు. ఇద్దరిదీ కలిపి సగం చేసుకోండి, సరిపోతుంది."

ఆ ఇల్లాలు నాకు బొట్టుపెట్టి రవికెగుడ్డ చేతిలో పెట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు మనమూ పెడతాం. అక్కడ ఆ పైన ఒక గుమ్మడికాయకి కుంకుమ నింపి, నడివీధిలో పగలగొట్టారు. మా వైపు గుమ్మడికాయ గుమ్మానికి కడతాం, దిష్టి తగిలితే అదే కుళ్లిపోతుంది. ఇక్కడ అంతవరకు ఆగరు కాబోలు అనుకున్నాను. తెలియని ఊళ్లో, తెలియని వాళ్ల ముంగిట్లో మా ప్రయాణానికి శుభం కోరిన ఆ దంపతుల్ని ఇప్పటికీ తలుచుకుంటాను.

ఆ రోజు శుక్రవారం. ఆదివారం పదకొండు గంటల లోపు బండిని మైదానంలో చూపించాలి. ఆ తర్వాత వచ్చిన బండిని తీసుకోరు. అదొక్కటే మాకున్న గడువు.

నెల్లూరు: ఆరు రూపాయల భోజనం

నెల్లూరులో ఆరు రూపాయలకి అరిటాకు భోజనం. నెయ్యి గరిటెతో పోశారు. మా విశాఖలో హోటల్లో నెయ్యి అంటే చెంచాతో చూపించి తీసుకుపోతారు. శుక్రవారం కాబట్టి నేను పప్పు, పొడి, పెరుగుతో సరిపెట్టుకున్నాను. మావ చేపల పులుసు తిని, మామిడికాయ ముక్క నములుతూ, "మన కాడ ఇది ఎయ్యరేటే?" అని నన్ను నిలదీశాడు, నేనేదో దాచినట్టు.

బయటికి వచ్చేసరికి బండి చుట్టూ జనం. ఒక పెద్దాయన బానెట్టు మీద వేలితో కొట్టి చూశాడు.

"ప్లాస్టిక్కా అబ్బా? ఎండకి కరగదా?"

"కరిగితే గలాసుల్లో పోసుకుని తాగేత్తాం బావా" అన్నాడు మావ.

అందరూ నవ్వారు. ఆ పెద్దాయన అందరికంటే ఎక్కువ నవ్వి, దారిలో తినమని అరటిపళ్లు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. ఆ సాయంత్రం ఒంగోలులో ఆగాం. నేను ఎక్కడ పడుకున్నా పొద్దున్నే గది గుమ్మం ముందు చిన్న ముగ్గు వేసేదాన్ని. మూటలో ముగ్గుపిండి పొట్లం ఎప్పుడూ ఉండేది. లాడ్జీ ఆయన చూసి, "ఇంకా నాలుగు గదులున్నాయమ్మా" అన్నాడు. నాలుగింటి ముందూ వేశాను. ఆయన మా దగ్గర టీ డబ్బులు తీసుకోలేదు.

గోదావరి: తలుపులో పది పైసలు

శనివారం సాయంత్రానికి రాజమండ్రి వంతెన ఎక్కాం. కింద రైలు, పైన మేము. గోదావరి మీద ఎర్రటి ఎండ. ఆ బండి అద్దం సగమే జరుగుతుంది. ఆ సందులోంచి పది పైసల బిళ్ల విసిరాను. అది అద్దం అంచుకి తగిలి నీళ్లలో పడకుండా తలుపు లోపలికి జారిపోయింది. అక్కడి నుంచి గతుకు వచ్చినప్పుడల్లా గలగల.

"ఏటే ఆ సప్పుడు?" అని మావ బండి ఆపి, దిగి, చక్రాలన్నీ తట్టి చూశాడు. చెప్పడానికి నాకు భయమేసింది. రెండోసారి ఆపినప్పుడు చెప్పాను.

"గోదారమ్మ డబ్బులు ఎత్తుకుపోతన్నామన్నమాట" అన్నాడు. ఇంకో బిళ్ల ఇచ్చి, ఊరు దాటాక కాలువలో వేయించాడు. "ఇది వడ్డీ. అసలు మన కాడే ఉంటాది."

అన్నవరం: కొండ కింద దండ

ఆదివారం తెల్లవారకముందే స్నానాలు చేసి కొండెక్కాం. విస్తరాకు పొట్లంలో గోధుమరవ్వ ప్రసాదం, చేతికి వెచ్చగా. సత్యదేవుడి ముందు నిలబడి ఏం కోరాలో నాకు ముందే తెలుసు. గెలుపు కోరలేదు, కోరడానికి సిగ్గేసింది. మావ ఆ మైదానంలో తన బండి తాను తిప్పాలి, ఎముక విరగకుండా దిగాలి. అంతే. ఇక్కడి దండ బండికి కట్టి సింహాచలం మెట్ల దాకా విప్పకుండా తీసుకెళతానని మొక్కుకున్నాను.

కొండ కింద పూలమ్మాయి నన్ను చూసి, "రెండు మూరలు ఏం సరిపోతాయమ్మా? బండి మూతంతా నిండాలి" అంది. బంతిపూలు, మధ్య మధ్య మామిడాకులు, నా చెయ్యంత లావు దండ. అరటినార తడిపి, బండి ముక్కు కింద ఉన్న సన్నని జాలీకి అడ్డంగా, మూడు వరసలు తిప్పి బిగించింది. "వైజాగు కాదు, కాశీ దాకా ఊడదు" అంది. ఊడితే అపశకునమని నా భయం. ఇంకో రెండు ముడులు నేనే వేశాను.

మావ చుట్టూ తిరిగి చూశాడు. "అందంగుంది" అన్నాడు.

తుని దాటాక

తుని దగ్గర మొదటిసారి ఇంజను వేడి చూపే ముల్లు ఎరుపు గీత దాటింది. బానెట్టు ఎత్తేసరికి ఆవిరి బుసకొట్టింది. బోరింగు దగ్గర నీళ్లు తెచ్చి పోశాం. పది మైళ్లు వెళ్లామో లేదో మళ్లీ అదే. రెండు రోజులు ఎండలో పరిగెత్తిన బండి చల్లని ఉదయం పూట ఇలా చేయడమేమిటి? మావ దిగేవాడు, లోపల చూసేవాడు, వంగి బండి ముక్కు చూసేవాడు, తలెత్తి నన్ను చూసేవాడు. బానెట్టు మూసేవాడు.

"ఏటయ్యింది మావా?"

"ఏటీ నేదు. నీలు తాగతంది."

"పదకొండుకి అందుతామా?"

"సూద్దాం."

ఇంజను చప్పుడుతోనే జబ్బు చెప్పే మనిషి 'చూద్దాం' అనడం నేనెప్పుడూ వినలేదు. చేతికి వాచీ ఉంది, దాన్ని చూడాలంటే భయం. మైలురాళ్లు మాత్రం పైకి చదువుతూ, రాయికొక నామం చొప్పున జపిస్తూ కూర్చున్నాను. లారీలు మమ్మల్ని దాటిపోతున్నాయి. చెరకు బండి కూడా దాదాపు దాటబోయింది.

ఎలమంచిలి: చేపల కత్తి

ఎలమంచిలి టీకొట్టు దగ్గర నాలుగోసారి ఆగాం. అప్పటికి తొమ్మిదిన్నర. కొట్టు పక్కన చేపల తట్టలు దించి నలుగురు ఆడవాళ్లు టీ తాగుతున్నారు. అందులో ఒక ముసలమ్మ గ్లాసు పట్టుకునే లేచి వచ్చింది. ఆవిరి కక్కుతున్న బండిని కిందినుంచి పైకి చూసి, మావతో అంది.

"ఏటి బావూ, దాని ముక్కు మూసేసి పరిగెత్తమంటే ఎలాగ పరిగెడతాది?"

మావ విననట్టు నీళ్ల కోసం డబ్బా తీశాడు.

"నీకే సెప్తన్నాను. పడవకి తెరసాప కడితే గాలి దాటతాదేటి? ఆగిపోద్ది. ఈ దండ తెరసాపలాగ లేదూ? లోపలికి గాలే నేదు."

నేను దిగి బండి ముందుకి వెళ్లాను. గాలి వేగానికి పూలన్నీ జాలీలోకి అతుక్కుపోయి, మామిడాకులు పెంకుల్లాగ ఒకదాని మీద ఒకటి పరుచుకుని, సందనేది లేకుండా ఉంది. లోపలి వైపు పువ్వులు ఉడికి నల్లబడ్డాయి. నాకే కనిపిస్తోంది. మావకి కనిపించదా?

"నీకు తెలుసు కదా మావా?"

మావ డబ్బా మూత తిప్పాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"తునిలో."

"మరి సెప్పలేదేటి?"

"నీ మొక్కు కదే సిట్టీ."

"పందెం పోతే?"

"నీలు పోసుకుంటా ఎల్లిపోదావనుకున్నాను" అన్నాడు. డబ్బా కింద పెట్టి, "అందకపోతే అందకపోద్ది" అన్నాడు.

పదేళ్లు తాడుకి ఇవతల నిలబడిన మనిషి. నా పువ్వుల మీద చెయ్యి వేయలేక ఆ ఒక్క ఆదివారాన్ని వదులుకోవడానికి సిద్ధపడ్డాడు. నేను ఏ దేవుడికి ఏం మొక్కుకున్నానో, ఆ దేవుడు ఇంతసేపూ నా పక్క సీట్లో కూర్చుని నీళ్లు మోస్తున్నాడేమో అనిపించింది. అపచారమైతే క్షమించాలి. అప్పుడు అలాగే అనిపించింది.

ముడులు విప్పబోయాను. తడిసిన నార ఎండి ఇనుములా బిగుసుకుంది. గోళ్లు విరిగాయి తప్ప ముడి రాలేదు. ముసలమ్మ రొంటిన ఉన్న కత్తి తీసి, మళ్లీ వెనక్కి లాక్కుంది.

"ఒద్దులే అమ్మా. సేపల కత్తి. దేవుడి దండకి తగలకూడదు."

"గంగమ్మ కత్తే కదా. ఇలా ఇయ్యమ్మా."

"నిజవేనా?"

"ఇయ్యి. టైమైపోతంది."

టీకొట్టాయన ఒక చెంబు నీళ్లు పోశాడు. కత్తి కడిగి, కళ్లకద్దుకుని నార కోశాను. దండని నేల తగలనివ్వకుండా కొంగులో పట్టుకున్నాను. చివర ఉడకని పువ్వులు మూరెడు తుంచి ఇస్తే, ఆ ముసలమ్మ కొప్పులో పెట్టుకుని, తోటి వాళ్లతో, "సూడండే, కారు పువ్వులు" అంది. పేరు అడగాలన్న జ్ఞానం కూడా లేకుండా కారెక్కేశాను. ఆ లోటు నాకు ఇప్పటికీ ఉంది.

అనకాపల్లి దాకా ముల్లు ఎరుపు వైపు తొంగి చూడలేదు.

మైదానం: ముగ్గుతో తొమ్మిది

పదకొండుకి పది నిమిషాలుండగా చేరాం. బండిని చూసే ఆఫీసరు తలుపు తెరిచి మూశాడు. గలగలమంది.

"ఏమిటా శబ్దం?"

"గోదారమ్మది సార్" అన్నాడు మావ. "మన్ది కాదు."

నంబరు తొమ్మిది అన్నారు. రెండు తలుపుల మీదా దూరానికి కనిపించేలా రాయాలట. మా దగ్గర రంగు లేదు. నేను మూటలోంచి ముగ్గుపిండి తీసి, తాగడానికి తెచ్చుకున్న నీళ్లతో కలిపి, వేళ్లతో రెండు వైపులా తొమ్మిది దిద్దాను. నేరేడుపండు రంగు మీద తెల్లగా మెరిసింది.

"ముగ్గా అమ్మా?" అన్నాడా ఆఫీసరు.

"అంకె కనిపిస్తోంది కదా బాబూ."

ఆయన నవ్వి తలూపాడు.

మనిషికి రెండు పరుగులు, మంచిది లెక్క. మావ తన స్టాప్ వాచీ నా చేతిలో పెట్టాడు. ఇన్నేళ్లూ అందరివీ రాసుకున్నాడు, తనది కూడా అదే పుస్తకంలో అదే వాచీతో రాసుకోవాలని ఆశ. "జెండా ఊపినప్పుడు నొక్కు, నాను గీత దాటినప్పుడు నొక్కు. అంతే."

మొదటి పరుగులో మూడో వంపు దగ్గర వెనక చక్రం జారి జెండా పడింది. అయిదు సెకన్లు. తాడు దగ్గర ఎవరో, "మెకానిక్కు చెయ్యి రెంచీకే అలవాటు" అన్నారు. మావకి వినపడింది. నీళ్లు తాగి, బానెట్టు మీద ఒకసారి అరచెయ్యి పెట్టి, వేడి చూసుకుని ఎక్కాడు.

రెండోసారి జెండా ఊపగానే నేను నొక్కాను. ఎర్రదుమ్ము లేచింది. తొమ్మిది అంకె కనిపించడం, మాయమవడం, డ్రమ్ము చుట్టూ తిరిగి మళ్లీ కనిపించడం. మూడో వంపు వచ్చేసరికి నా కళ్లు వాటంతట అవే మూసుకుపోయాయి. ఒళ్లో దండ, పెదవుల మీద సింహాద్రి అప్పన్న. జనం అరుపులు విన్నాను. తర్వాత ఇంజను ఆగడం, తలుపులో పది పైసలు గలగలమనడం విన్నాను.

కళ్లు తెరిచేసరికి మావ నా ముందు నిలబడి ఉన్నాడు. కనుబొమ్మల నుంచి మీసాల దాకా ఎర్రమట్టి.

"జెండా పడ్నేదు" అన్నాడు. "ఎంతే?"

వాచీ చూశాను. ముల్లు తిరుగుతూనే ఉంది. రెండోసారి నొక్కడం మరిచిపోయాను.

నాకు ఏడుపొచ్చింది. పదేళ్ల పుస్తకంలో ఆయన గీతే ఖాళీ. మావ వాచీ తీసుకుని, తిరుగుతున్న ముల్లుని చూసి చూసి, పగలబడి నవ్వాడు. పెళ్లయిన నాటి నుంచి అంత నవ్వు నేను చూడలేదు. వాళ్ల గడియారం ప్రకారం తొమ్మిది బళ్లలో మావ నాలుగోవాడు. బహుమతి ముగ్గురికే. "బండి నీదైతే" అన్న ఆఫీసరు రెండోవాడు. ఆయనే తాడు దాటి వచ్చి, మావ మట్టిచేతిని రెండు చేతులతో పట్టుకుని, "మూడో వంపు ఎలా తిప్పావయ్యా? నాకు నేర్పు" అన్నాడు.

"ఎప్పుడు సార్? మైదానం పోతంది కదా" అన్నాడు మావ.

పోయింది. ఇప్పుడక్కడ క్వార్టర్లు, పాలబూత్, పిల్లల ఉయ్యాలలు. నేను బస్సులో వెళ్లినప్పుడు ఆ మలుపు దగ్గర ముందు సీటు గట్టిగా పట్టుకుంటాను. అది మూడో వంపు.

సింహాచలం

అక్కడి నుంచి ఇంటికి వెళ్లలేదు. ఆ దుమ్ముతోనే, ముగ్గు తొమ్మిదితోనే సింహాచలం వెళ్లాం. కొండ కింద మెట్ల దగ్గర బండి ఆపాడు. మూర తక్కువైన దండ, సగం ఉడికి నల్లబడ్డ దండ, నా ఒళ్లోనే వచ్చిన దండ. తొలిమెట్టు మీద పెట్టి, "దారిలో విప్పాను తండ్రీ" అని చెప్పుకున్నాను. మిగతాది ఆయనకి తెలుసు.

మైదానంలో ఆపకుండానే జేబులో వేసుకున్న వాచీని మావ తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత నా చెవి దగ్గర పెట్టాడు. చప్పుడు లేదు. ఆగిపోయింది. మైదానంలోనా, దారిలోనా, దండ దించినప్పుడా, ఎక్కడ ఆగిందో మా ఇద్దరిలో ఎవరమూ చూడలేదు.

ఆ రోజు రాత్రి పుస్తకంలో తన పేరు ఎదురుగా మావ అంకె వేయలేదు. 'సింహాచలం దాకా' అని రాశాడు.